ప్యాకేజీ రిలీజ్ నంబరు, చేంజ్‌లాగ్ చేత్తో రాయడం మానేయాలంటే ఏది మంచిది? (ఆర్‌పీఎం, డెబ్ రెండూ ఉన్నచోట)

రేణిగుంట_రూట్ | తిరుపతి

అందరికీ నమస్కారం. మాది తిరుపతిలో చిన్న టీమ్. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు వేబ్రిడ్జి తూకం, రైతు రసీదు, చెల్లింపుల సాఫ్ట్‌వేర్ చేసిస్తాం. ఫ్యాక్టరీ సర్వర్లలో ఆల్మాలినక్స్ 9, గేటు దగ్గర తూకం కంప్యూటర్లలో ఉబుంటు. ప్రోగ్రాంను ప్యాక్ చేసే ఫార్మాట్ మొదటి దాంట్లో ఆర్‌పీఎం, రెండో దాంట్లో డెబ్. కాబట్టి ప్రతి ప్యాకేజీనీ ఆర్‌పీఎంగా ఒకసారి, డెబ్‌గా ఒకసారి బిల్డ్ చేయాలి.

ఇప్పటిదాకా అంతా చేత్తోనే. స్పెక్ ఫైల్లో (ఆర్‌పీఎం ఎలా కట్టాలో రాసే ఫైలు) రిలీజ్ నంబరు (2.1-3లో హైఫన్ తర్వాతి 3) ఒకటి పెంచడం, కింద చేంజ్‌లాగ్‌లో (ఏం మారిందో రాసే చిట్టా) తేదీ, పేరు, ఒక వరుస రాయడం. డెబ్ వైపు అదే పని ఇంకో ఫార్మాట్‌లో. ఇద్దరు వేర్వేరు బ్రాంచీల్లో పని చేస్తే, కోడ్‌లో గొడవ లేకపోయినా ఈ రెండు చోట్ల మాత్రం మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ (ఇద్దరి మార్పులూ కలపలేక గిట్ ఆగిపోవడం) తప్పదు. ఎందుకంటే ఇద్దరూ 4ని 5 చేసుంటారు, ఇద్దరూ చేంజ్‌లాగ్ మొదటి వరుస మీదే రాసుంటారు. తేదీ పక్కన వారం తప్పు పడితే ఆర్‌పీఎం 'బోగస్ డేట్' అని ఒకటే సణుగుడు.

జూన్‌లో తోతాపురి దిగిందంటే రాత్రీపగలూ లారీలు ఉంటాయి. అప్పుడు బిల్డ్ వ్యవస్థ మీద చెయ్యి పెట్టే ధైర్యం ఎవరికీ ఉండదు. అందుకే ఈలోపే ఆటోమేట్ చేసేయాలని చూస్తున్నాం. ఎవరెవరు ఏం వాడుతున్నారు?

పలమనేరు_ప్యాకర్

ఆర్‌పీఎం వైపు అయితే ఫెడోరా లినక్స్ వాళ్ల ఆర్‌పీఎంఆటోస్పెక్ అనే టూల్ చూడన్నా. సరిగ్గా నువ్వు చెప్పిన కాన్‌ఫ్లిక్ట్ గొడవ తప్పించడానికే పుట్టింది అది.

స్పెక్‌లో రిలీజ్ దగ్గర అంకె బదులు ఆటోరిలీజ్ మాక్రో (బిల్డ్‌లో అంకెగా మారే పేరు) పెడతావు, చేంజ్‌లాగ్ కింద ఆటోచేంజ్‌లాగ్ మాక్రో ఒక్కటే ఉంటుంది. బిల్డ్ టైంలో గిట్ చరిత్ర చూసి, వెర్షన్ మారిన కమిట్ (గిట్‌లో నమోదు చేసిన ఒక్కో మార్పు) నుంచి ఇప్పటిదాకా ఎన్ని కమిట్లున్నాయో లెక్కపెట్టి అదే రిలీజ్ నంబరుగా ఇస్తుంది. వెర్షన్ మార్చిన కమిట్ 1, దాని తర్వాతది 2, అలా. చేంజ్‌లాగ్‌కి కమిట్ మెసేజ్ మొదటి వరుస, రాసినవాళ్ల పేరు, తేదీ తీసుకుంటుంది.

పాత చరిత్ర పోదు. కన్వర్ట్ కమాండ్ ఇస్తే ఇప్పటిదాకా ఉన్న ఎంట్రీలన్నీ పక్కనే 'చేంజ్‌లాగ్' అనే ఫైల్లోకి వెళ్తాయి, కొత్తవి వాటి పైన చేరతాయి. ఏదైనా కమిట్ లాగ్‌లోకి రాకూడదనుకుంటే మెసేజ్‌లో 'స్కిప్ చేంజ్‌లాగ్' అని చదరపు బ్రాకెట్లలో రాస్తే చాలు. ఏ మార్పూ లేకుండా మళ్లీ బిల్డ్ చేయాలంటే ఖాళీ కమిట్ వేస్తే నంబరు పెరుగుతుంది.

ఫెడోరా బిల్డ్ వ్యవస్థ కోజీలో ఇది ప్లగిన్‌గా ఉంటుంది. మన సొంత బిల్డ్‌లో అయితే సోర్స్ ఆర్‌పీఎం కట్టేముందు 'ప్రాసెస్-డిస్ట్‌గిట్' నడపాలి. అది లెక్క తేల్చిన నంబరును స్పెక్ పైన రాసి, కింద లాగ్ నింపి ఇస్తుంది. ఆ తర్వాత ఆ స్పెక్ ఎక్కడైనా మామూలుగా బిల్డ్ అవుతుంది, గిట్ అక్కర్లేదు.

బైరాగిపట్టెడ_బాష్

వినడానికి బాగుంది గానీ, కమిట్లు లెక్కపెట్టి నంబరిచ్చే పద్ధతి దేనికైనా ఒక షరతుంది. బిల్డ్ చేసే మెషీన్‌లో గిట్ చరిత్ర మొత్తం ఉండాలి. సీఐలో (తనంతట బిల్డ్ చేసే సర్వర్‌లో) అది మామూలుగా ఉండదు.

గిట్‌హబ్ చెకౌట్ యాక్షన్ డిఫాల్ట్‌గా ఒక్క కమిటే తెస్తుంది. గిట్‌ల్యాబ్‌లో కొత్త ప్రాజెక్టులకు డిఫాల్ట్ లోతు 20, అంటే చివరి 20 కమిట్లే. మనం సొంతంగా లెక్కపెట్టే స్క్రిప్ట్ రాసుకుంటే మొదటి దాంట్లో ఎప్పుడూ 1 వస్తుంది, అది వెంటనే తెలిసిపోతుంది. రెండోదే మోసం. అంతా బాగున్నట్టే కనిపిస్తూ 20 దాకా పెరుగుతుంది, ఆపైన ఇక కదలదు. నంబరు కదలకపోతే డీఎన్‌ఎఫ్‌కి (ఆల్మాలినక్స్‌లో అప్‌డేట్లు ఎక్కించేది) కొత్త ప్యాకేజీ వచ్చినట్టే తెలియదు. లోతు 0 అని పెట్టి మొత్తం చరిత్ర తెప్పించండి, ట్యాగులతో (గిట్‌లో వెర్షన్‌కి వేసే గుర్తులు) సహా.

ఇంకోటి, రీబేస్, అంటే గిట్ చరిత్రను తిరగరాయడం. మూడు కమిట్లను ఒకటిగా నొక్కేసి ఫోర్స్ పుష్ చేస్తే నంబరు వెనక్కి పోతుంది. బిల్డ్ చేసే బ్రాంచ్ మీద ఫోర్స్ పుష్ లాక్ చేయకుండా ఈ పద్ధతి మొదలుపెట్టవద్దు.

రేణిగుంట_రూట్

20 దగ్గర ఆగిపోవడం అసలు ఊహించలేదు, మాది గిట్‌ల్యాబే. థాంక్స్ అన్నా. మరి డెబ్ వైపు ఎవరైనా?

ఎస్వీయూ_ఫైనలియర్

అన్నా, ఒక చిన్న డౌట్. ఇవన్నీ ఎందుకు, తేదీనే వెర్షన్‌గా పెట్టేస్తే సరిపోదా? 20240612 అని. రోజూ పెరుగుతూనే ఉంటుంది కదా.

మదనపల్లె_మేక్

పెట్టొచ్చు తమ్ముడూ, చాలామంది పెడతారు. ఉబుంటు 24.04 కూడా ఏడాది, నెలే. కానీ రేపు ఎవరో వచ్చి 'ఇక నుంచి 1.0, 1.1 అని మర్యాదగా పెడదాం' అంటారు చూడు, అప్పుడు మొదలవుతుంది. 20240612 కంటే 1.0 చిన్నది. ఏ మెషీనూ అప్‌డేట్ అవ్వదు. అప్పుడు ఎపోక్ పెట్టాలి. వెర్షన్ ముందు 1 పెట్టి కోలన్ కొడితే మిగతా అంకెలేవీ చూడకుండా అదే పెద్దదని లెక్క. ఒకసారి పెట్టాక తీసే దారి లేదు, ఆ ప్యాకేజీ ఉన్నంతకాలం మోయాల్సిందే.

తేదీ కావాలంటే వెర్షన్ మొదట్లో కాదు, చివర్లో పెట్టు. ఆర్‌పీఎంలో రెండు గుర్తులున్నాయి. టిల్డా పెడితే అసలుకంటే ముందు వచ్చినట్టు, అంటే 1.0~ఆర్‌సీ1 అనేది 1.0 కంటే చిన్నది. క్యారెట్ పెడితే తర్వాత వచ్చినట్టు. 1.0^20240612 అనేది 1.0 కంటే పెద్దది, 1.0.1 కంటే చిన్నది. డెబియన్‌లో (డెబ్ ఫార్మాట్ అక్కడిదే) టిల్డా ఉంది, క్యారెట్ లేదు, అక్కడ ప్లస్ వాడతారు.

గిట్ డిస్క్రైబ్ (చివరి ట్యాగ్ చూసి పేరు తయారుచేసే కమాండ్) ఇచ్చే పేరును ఉన్నదున్నట్టు ఆర్‌పీఎం వెర్షన్‌లో పెట్టడం కూడా కుదరదు, దాంట్లో హైఫన్లు ఉంటాయి. వెర్షన్‌కి, రిలీజ్‌కి మధ్య గీత హైఫనే కాబట్టి లోపల ఇంకోటి ఒప్పుకోదు.

(వెర్షన్ నంబరు పెద్దదవుతూనే ఉండాలి గానీ అందంగా ఉండాలని లేదు. క్నూత్ గారి టెక్ (అక్షరకూర్పు ప్రోగ్రాం) చూడు, ఒక్కో అంకె చేరుతూ గణితంలోని పై (π) విలువ వైపు పోతోంది. ఇప్పుడు 3.141592653 దగ్గరుంది.)

తిరుచానూరు_డెబ్

డెబ్ సంగతి నేను చెప్తాను. ఆర్‌పీఎం అలవాటుతో ఇటు వచ్చేవాళ్లందరూ ఒకచోట తడబడతారు. డెబియన్‌లో చేంజ్‌లాగ్ అనేది పక్కన రాసుకునే డైరీ కాదు. ప్యాకేజీ వెర్షన్‌ని బిల్డ్ అక్కడి నుంచే చదువుతుంది. పై వరుసలో ప్యాకేజీ పేరు, బ్రాకెట్లో వెర్షన్, ఏ డిస్ట్రిబ్యూషన్‌కో, ఎంత అర్జంటో ఉంటాయి. ఇంకెక్కడా నంబరు రాయక్కర్లేదు. కాబట్టి మీరు 'నంబరు వేరు, లాగ్ వేరు' అని రెండు స్క్రిప్టులు రాసుకుంటే ఈ వైపు పనికిరావు.

ఆటోమేట్ చేయడానికి గిట్-బిల్డ్‌ప్యాకేజ్ టూల్‌లో జీబీపీ డీసీహెచ్ అనే కమాండ్ ఉంది. చివరి ట్యాగ్ నుంచి వచ్చిన కమిట్లు చూసి ఎంట్రీలు తయారుచేస్తుంది. మామూలు రోజుల్లో పై వరుసలో డిస్ట్రిబ్యూషన్ దగ్గర 'అన్‌రిలీజ్డ్' అని ఉంటుంది, విడుదల రోజున రిలీజ్ ఆప్షన్‌తో నడిపితే అసలు పేరు పడుతుంది. కమిట్ మెసేజ్‌లో 'క్లోజెస్' అని బగ్ నంబరు రాస్తే దాన్నీ తెస్తుంది.

మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్‌కి ఇంకా తేలికైన మందుంది. డీపీకేజీ-మెర్జ్‌చేంజ్‌లాగ్స్ అనే చిన్న టూల్‌ను గిట్‌కి మెర్జ్ డ్రైవర్‌గా తగిలించండి. ఎంట్రీలను వెర్షన్ ప్రకారం తనే సర్దుతుంది. మిగతా ఆటోమేషన్ మీకు నచ్చకపోయినా ఇదొక్కటి ఈరోజే పెట్టుకోవచ్చు.

ఒకే సోర్స్ నుంచి రెండు మూడు ఉబుంటు వెర్షన్లకు బిల్డ్ చేస్తుంటే చివర టిల్డాతో గుర్తు పెట్టండి. డెబియన్ బ్యాక్‌పోర్ట్స్ వాళ్లు (కొత్త ప్యాకేజీలను పాత డెబియన్‌కి కట్టిచ్చేవాళ్లు) 1.4-1~బీపీఓ12+1 అని పెట్టేది అందుకే. మెషీన్‌ని తర్వాతి డెబియన్‌కి మార్చినప్పుడు అక్కడున్న అసలు 1.4-1 పెద్దదై దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

రేణిగుంట_రూట్

అక్కా, మెర్జ్ డ్రైవర్ ఇప్పుడే పెట్టాను. ఇన్నేళ్లుగా ఇది ఉందని ఎవరూ చెప్పలేదే!

గేటు_తూకం_బాబాయ్ | చిత్తూరు

నేను సాఫ్ట్‌వేర్ రాసేవాణ్ణి కాదు, ఒక గుజ్జు ఫ్యాక్టరీలో సిస్టమ్స్ చూసుకుంటాను. మీరు పంపేదాన్ని ఎక్కించుకునేవాణ్ణి. అటువైపు నుంచి నాలుగు మాటలు.

పోయిన సీజన్‌లో మాకు ఒక సప్లయర్ (పేరొద్దు) రసీదు ప్రింటర్ ప్యాకేజీ పంపాడు. దాంట్లో తప్పుందని మర్నాడు సరిచేసి మళ్లీ పంపాడు, నంబరు మార్చకుండా. 2.1-3 అంటే మొదటిది 2.1-3యే, రెండోదీ 2.1-3యే. అప్‌డేట్ కొడితే 'చేయడానికి ఏమీ లేదు' అంటుంది. సగం గేట్లలో పాతది, సగం గేట్లలో కొత్తది. ఫోన్ చేస్తే 'మీ దగ్గర ఏ వెర్షన్ ఉంది సార్' అంటాడు. ఏం చెప్పాలి నేను? ఒకే నంబరుతో రెండు రసీదులు ఇస్తే రైతు ఊరుకుంటాడా? కాబట్టి నంబరు మనిషి చేతిలో ఉండకూడదు, దీంట్లో నాకు రెండో మాట లేదు.

కానీ చేంజ్‌లాగ్ సంగతి వేరు. కమిట్ల నుంచి తీసి పంపేది మీరెప్పుడైనా చదివారా? 'మెర్జ్ బ్రాంచ్ డెవ్', 'టైపో', 'రివ్యూ కామెంట్స్', 'లింట్'. నాకు కావల్సింది మూడు ముక్కలు. తూకం లెక్కలో ఏమైనా మారిందా, సర్వీస్ రీస్టార్ట్ అవుతుందా, కాన్ఫిగ్ ఫైల్ ముట్టుకోవాలా. రాత్రి లారీలు క్యూలో ఉన్నప్పుడు అప్‌డేట్ చేయాలా, తెల్లారేదాకా ఆగాలా అని దాన్ని చూసి తేల్చుకుంటాను. మీ మిషన్ రాసిన లాగ్‌లో ఆ ముక్క లేదు.

ఎస్వీయూ_ఫైనలియర్

బాబాయ్ మా ప్రాజెక్ట్ రిపోకి ఇప్పుడే ఆటోచేంజ్‌లాగ్ తీసి చూశాను. 'ఫిక్స్', 'ఫిక్స్ 2', 'ఫైనల్', 'ఫైనల్ నిజంగా', 'గైడ్ గారు చెప్పింది'. ఎవరికీ చూపించలేను దీన్ని 😅

పలమనేరు_ప్యాకర్

బాబాయ్ చెప్పింది న్యాయమే గానీ, అది టూల్ తప్పు కాదు. కమిట్ మెసేజ్ సరిగ్గా రాస్తే లాగ్ సరిగ్గానే వస్తుంది. కన్వెన్షనల్ కమిట్స్ పద్ధతి ఉంది కదా, 'ఫీట్' (కొత్త ఫీచర్), 'ఫిక్స్' (దిద్దుబాటు) అని ముందు రాసి కోలన్ పెట్టేది. గిట్-క్లిఫ్ లాంటివి దాన్ని చదివి విడగొట్టి ఇస్తాయి. వెర్షన్‌లో ఏ అంకె పెంచాలో కూడా తేలుస్తాయి: ఫిక్స్ అయితే చివరిది, ఫీట్ అయితే మధ్యది, పాతది విరిగేలా ఉంటే మొదటిది.

బైరాగిపట్టెడ_బాష్

అక్కడే నాకు ఒప్పదు. తూకంలో 5 కిలోలకు రౌండ్ చేసేది 10 కిలోలకు మార్చారనుకో. రాసినవాడి దృష్టిలో అది ఒక వరుస ఫిక్స్. 2.2.0 కాస్తా 2.2.1 అవుతుంది. రైతు దృష్టిలో, బాబాయ్ దృష్టిలో ఆ ఏడాదికే పెద్ద మార్పు అది. కోడ్ ఎంత మారిందో మెషీన్‌కి తెలుస్తుంది, ఎవరి లెక్క మారిందో ఎలా తెలుస్తుంది?

అందుకని నా లెక్క ఇది. రిలీజ్ నంబరు, అంటే హైఫన్ తర్వాతది, మెషీన్‌కి ఇచ్చేయండి. దానికి అర్థం ఏమీ లేదు, పెరిగితే చాలు. వెర్షన్ మాత్రం మనిషే పెంచాలి, ట్యాగ్ వేసి. ఆ ట్యాగ్ ఒక్కటే మూలం. స్పెక్‌లో ఒకటి, డెబ్‌లో ఒకటి, ప్రోగ్రాం 'అబౌట్'లో ఇంకొకటి ఉంటే ఎన్ని టూల్స్ పెట్టినా లాభం లేదు.

తిరుచానూరు_డెబ్

చేంజ్‌లాగ్‌కి కూడా అలాంటి విభజనే ఉంది, మనం మర్చిపోతున్నాం. ప్యాకేజీ చేంజ్‌లాగ్ ప్యాకేజీలో మారినదాని గురించి, ఫెడోరా నియమాల్లో కూడా సాఫ్ట్‌వేర్ చేంజ్‌లాగ్ మొత్తం తెచ్చి స్పెక్‌లో అతికించొద్దనే ఉంటుంది. వాడేవాళ్లకు చెప్పాల్సిన ముఖ్యమైన మాటకు డెబియన్‌లో వేరే ఫైలే ఉంది, 'న్యూస్' అని. ఏపీటీ-లిస్ట్‌చేంజెస్ పెట్టుకుంటే అప్‌గ్రేడ్ సమయంలో అది తెర మీదకు తెచ్చి చూపిస్తుంది.

ఆ న్యూస్ చేత్తోనే రాయాలి. రాసేది విడుదల రోజున కాదు, మార్పు చేసిన రోజున. టౌన్‌క్రయర్ అని పైథాన్ వాళ్ల టూల్ ఉంది. ప్రతి మార్పుకీ ఒక చిన్న ఫైలు, రెండు వరుసలు, ఒక ఫోల్డర్లో పడేస్తారు. విడుదలప్పుడు అన్నీ కలిపి ఒక పేజీ చేసి ఆ చిన్న ఫైళ్లను తీసేస్తుంది. ఎవరి ఫైలు వాళ్లది కాబట్టి కాన్‌ఫ్లిక్ట్ లేదు. తూకం కోడ్ ముట్టుకుని ఫైలు పెట్టకపోతే మెర్జ్ ఆగిపోయేలా సీఐలో ఒక చెక్ పెట్టండి. బాబాయ్ అడిగిన మూడు ముక్కలే మూడు విభాగాలుగా పెట్టుకోవచ్చు, టెంప్లేట్ మన ఇష్టం.

గేటు_తూకం_బాబాయ్ | చిత్తూరు

అమ్మా, అది తెలుగులో రాసి పంపితే గేటు పిల్లలకు నేను చదివి చెప్పే పని కూడా తప్పుతుంది.

తిరుచానూరు_డెబ్

తప్పకుండా రాయొచ్చు. రెండు ఫార్మాట్లూ యూటీఎఫ్-8 కాబట్టి ఇబ్బంది లేదు. గ్రాఫిక్స్ లేని నల్ల తెర కన్సోల్ మీద మాత్రం తెలుగు రాదు, డబ్బాలు కనిపిస్తాయి. సర్వర్ వాళ్లకు ఇంగ్లిష్ ఒక వరుస, గేటు వాళ్లకు ప్రోగ్రాం తెరిచినప్పుడు తెలుగు పేజీ చూపిస్తే బాగుంటుంది.

మదనపల్లె_మేక్

తెలుగు మాట వచ్చింది కాబట్టి, తేదీల గురించి రెండు ఉచ్చులు. స్పెక్ చేంజ్‌లాగ్‌లో వారం, నెల ఇంగ్లిష్‌లోనే ఉండాలి. మీ మెషీన్ లొకేల్ (భాష సెట్టింగ్) తెలుగు అయితే డేట్ కమాండ్ 'సోమ' అని ఇస్తుంది, బిల్డ్ పడిపోతుంది. స్క్రిప్ట్ మొదట్లో ఎల్‌సీ_ఆల్‌ని 'సీ' చేయండి.

రెండోది మన టైం జోన్. సీఐ సర్వర్లు సాధారణంగా యూటీసీలో ఉంటాయి, మనకంటే 5:30 గంటలు వెనక. రాత్రి 12 దాటాక, తెల్లవారి 5:30 లోపు మీరు చేత్తో ఒక ఎంట్రీ రాస్తే అది ఈరోజు తేదీ. వెంటనే స్క్రిప్ట్ దాని పైన ఇంకోటి చేరిస్తే దానికి నిన్నటి తేదీ పడుతుంది. పైది కిందిదానికంటే పాతదైందని ఆర్‌పీఎం బిల్డ్ ఆపేస్తుంది. సీజన్‌లో ఆ వేళకే కదా మీరంతా మేలుకుని ఉండేది. చెయ్యి, మిషన్ రెండూ ఒకే లాగ్‌లో రాయకండి, ఏదో ఒకటే.

ఆ తేదీ ఉత్త అలంకారం కూడా కాదు. బిల్డ్ ఎప్పుడు చేసినా అచ్చు అదే ఫైలు రావాలని కొందరు చూస్తారు కదా, వాళ్లు ఫైళ్ల సమయాన్ని చేంజ్‌లాగ్ పై ఎంట్రీ తేదీ నుంచే తీసుకుంటారు. డెబియన్ బిల్డ్ అలాగే చేస్తుంది, ఆర్‌పీఎంలో మాక్రోతో పెట్టుకోవచ్చు.

బైరాగిపట్టెడ_బాష్

సెక్యూరిటీ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌లో వెర్షన్ మారకుండానే లోపం సరిచేసి రిలీజ్ నంబరు మాత్రం పెంచుతారు. ఆడిట్‌కి వచ్చినవాళ్లు వెర్షన్ చూసి 'పాతది, ప్రమాదం' అంటారు. అప్పుడు ఆర్‌పీఎం చేంజ్‌లాగ్ తీసి సీవీఈ నంబరు (సెక్యూరిటీ లోపానికి ఇచ్చే గుర్తింపు నంబరు) వెతికి చూపించడమే మన చేతిలో ఉన్న రుజువు. ఆటోచేంజ్‌లాగ్ మామూలుగా కమిట్ మొదటి వరుసే తీసుకుంటుంది కాబట్టి సీవీఈ నంబరు మొదటి వరుసలోనే ఉండాలి. కింద వివరణలో రాస్తే మామూలుగా లాగ్‌లోకి రాదు.

ఎస్వీయూ_ఫైనలియర్

మరి వెనక్కి పోవాల్సి వస్తే? అంటే కొత్త వెర్షన్ చెడిపోయి పాతది ఇవ్వాలంటే ఈ లెక్కలన్నీ ఏమవుతాయి?

మదనపల్లె_మేక్

మంచి ప్రశ్న. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్‌లో (ఫైళ్లను కుదించే ప్రోగ్రాం) బ్యాక్‌డోర్ (దొంగదారి) బయటపడింది కదా, సీవీఈ-2024-3094. ఆండ్రెస్ ఫ్రాయిండ్ పట్టుకున్నది. 5.6.0, 5.6.1 రెండూ చెడ్డవి. డెబియన్ పాత 5.4.5 కోడ్‌కి వెళ్లాలి, కానీ నంబరు 5.6.1 కంటే పెద్దదిగా ఉండాలి, లేకపోతే మెషీన్లు తీసుకోవు. అందుకని 5.6.1+రియల్లీ5.4.5-1 అని పేరు పెట్టారు. చూడ్డానికి వింతగా ఉంది, ఎపోక్ మోయాల్సిన అవసరం మాత్రం లేకుండా పోయింది. ఇలాంటిది ఏ ఆటోమేషనూ తనంతట చేయదు. మనిషి చేత్తో నంబరు ఇచ్చే దారి ఒకటి స్క్రిప్ట్‌లో వదిలిపెట్టాలి.

రేణిగుంట_రూట్

అందరికీ చాలా థాంక్స్. టీమ్‌తో కూర్చుని మాట్లాడాం. వెర్షన్ ట్యాగ్ మేమే వేస్తాం. తూకం, చెల్లింపు లెక్క మారితే మధ్య అంకె పెంచాలని రూల్. ఆర్‌పీఎంలో ఆటోరిలీజ్, ఆటోచేంజ్‌లాగ్. డెబ్‌లో జీబీపీ డీసీహెచ్, అదే ట్యాగ్ చదువుతుంది. గేటు వాళ్లకు టౌన్‌క్రయర్‌తో తెలుగు పేజీ. గిట్‌ల్యాబ్ లోతు 0, ఫోర్స్ పుష్ బంద్. ప్యాకేజీ రిపోలోకి ఎక్కించేముందు ఆ నంబరు అప్పటికే ఉంటే బిల్డ్ ఆగిపోయేలా ఒక చెక్ కూడా రాశాం, బాబాయ్ కోసం.

ఒక్కటే మిగిలింది. రసీదు ప్యాకేజీ ఇప్పుడు 2.2.0-9లో ఉంది. ఈ వారమే మారుద్దామనుకుంటున్నాం.

పలమనేరు_ప్యాకర్

ఆగన్నా! మార్చేముందు లెక్కించే కమాండ్ నడిపి చూడు. వెర్షన్ 2.2.0 అయినప్పటి నుంచి కమిట్లు ఆరేడే ఉంటే ఆటోరిలీజ్ 7 ఇస్తుంది, ఫ్యాక్టరీలో 9 ఉంది, అంటే వెనక్కి పోయినట్టే. బేస్ నంబరు ఇచ్చే ఆప్షన్ ఉంది గానీ, తర్వాత వెర్షన్ మారినప్పుడు దాన్ని తీయడం ఎవరికీ గుర్తుండదు. 2.3.0 ట్యాగ్ వేసే రోజునే మార్చు, 1 నుంచి మొదలవుతుంది, ఏ గొడవా ఉండదు.

రేణిగుంట_రూట్

నడిపాను. 6 వచ్చింది 🙏 2.3.0 మే నెలలో ఉంది, అప్పుడే మారుస్తాం. డెబ్ వైపు మాత్రం రేపే మొదలుపెడతాం.

గేటు_తూకం_బాబాయ్ | చిత్తూరు

మేలోనే కానీండి. ఎక్కించేముందు ఒక గేటులో పెట్టి చూడ్డానికి నాకు ఒక వారం ఇవ్వండి, మూడో గేటు జూన్ దాకా ఖాళీగానే ఉంటుంది.